దింపుడు కళ్లం దగ్గర మూడో పిలుపు

రోజూ పొద్దు పొడిచే వేళకు మా పాలెం ఎల్లాజీ సముద్రం ఒడ్డున చచ్చిపోయేవాడు.

ముందు తూర్పుకు తిరిగి గంగమ్మకు దణ్ణం పెట్టుకునేవాడు. మూడు దోసిళ్ల నీళ్లు నెత్తిన చల్లుకునేవాడు. ఆ పైన తడి ఇసక మీద వెల్లకిలా పడుకుని, చేతులు పక్కలకు వదిలేసి, ఊపిరి బిగబట్టి, అమ్మవారి పేరు మనసులో నూటెనిమిదిసార్లు తలుచుకునేవాడు. అల వచ్చి చెవులు తడిపినా సరే, పీత పొట్ట మీదుగా నడిచిపోయినా సరే, కదిలేవాడు కాదు. లెక్క పూర్తయ్యాక కళ్లు తెరవకుండానే, అటుగా వచ్చినవాళ్లను అడిగేవాడు.

“ఎలగున్నాను?”

“సచ్చినట్టే ఉన్నావు బావా!”

“పొట్ట కదిలిందేటి?”

“నేదు, నేదు. లెగు ఇంక. కుక్కలొస్తన్నాయి.”

ఈ జవాబు ఎక్కువసార్లు నేనే చెప్పాను. ఎల్లాజీ నాకు వరసకు బావ. వాళ్ల ఇంటి వెనకే మా ఇల్లు. పాలెం రామమందిరంలో దీపం పెట్టి భజన నడిపేది నేనే.

ఎల్లాజీ పని సినిమాల్లో శవంగా పడుకోవడం. పద్దెనిమిదేళ్ల కిందట మా ఒడ్డుకు ఒక షూటింగ్ వచ్చింది. సముద్రంలో మునిగిపోయిన మనిషి ఒడ్డుకు కొట్టుకొచ్చిన సీను. హైదరాబాదు నుంచి వచ్చిన ఆ మనిషి అల మీద పడిన ప్రతిసారీ దగ్గు ఆపుకోలేక లేచి కూర్చుంటున్నాడు. పడవ తాడు పట్టుకోవడానికి కూలికి వెళ్లిన ఎల్లాజీ కాసేపు చూసి, “బాబూ, నాను తొంగుంటానండి, సూడండి” అన్నాడు. రాళ్లలో చిక్కిన లంగరు విడిపించడానికి చిన్నప్పటి నుంచీ నీళ్లలో మునిగేవాడు కదా, అతని ఊపిరి చాలా పెద్దది. ఒక్కసారికే షాటు అయిపోయింది. ఆ రోజు నుంచి ఎక్కడ శవం కావలసినా ఫోను ఎల్లాజీకే వచ్చేది. నలభై మూడు సినిమాలు, సీరియళ్లు వేరే. ఒక్కదానిలోనూ పేరు వేయలేదు.

ఆ పనికీ ఓ పనితనం ఉంది. గుండెతో కాకుండా కడుపు అడుగు నుంచి, దారంలా ఊపిరి తీసుకోవాలి. ముక్కులో పెట్టే దూదిని కొంచెం పీచుగా లాగి ఉంచాలి. మూసిన రెప్పల కింద గుడ్లు కదలకుండా, ఏదో ఒకదాన్ని లోపలే చూస్తూ ఉండాలి. ఏం చూస్తావు బావా అని అడిగితే, “గంగమ్మ గుళ్లో దీపం” అన్నాడు. సినిమావాళ్లకు ఒక ఆచారం కూడా ఉంది. శవం వేషం తీసేముందు ఆ మనిషి చేత నవ్వించి ఒక ఫొటో తీస్తారు, కీడు పోవడానికి. అలాంటి నవ్వు ఫొటోలు ఎల్లాజీ ఫోనులో బోలెడు ఉండేవి. అన్నిట్లోనూ ముక్కులో దూది ఉండేది.

విజయనగరంలో సినిమా ఆడితే పాలెం పాలెమంతా ఆటోల్లో వెళ్లేవాళ్లం. పాడె మీద ఎల్లాజీ కనపడగానే మేము ఈలలు వేసేవాళ్లం. అది ఏడుపు సీను. హాల్లో మిగతావాళ్లు మా వైపు పిచ్చివాళ్లను చూసినట్టు చూసేవారు. అతని భార్య దేముడమ్మ మాత్రం టికెట్టు కొని కూడా లోపలికి వచ్చేది కాదు. బయట మెట్ల మీద కూర్చుని బఠాణీలు తింటూ, “ఆడి పని అయిపోతే సెప్పండి, అప్పుడొస్తాను” అనేది. షూటింగులో ఇచ్చే భోజనం పొట్లంలోని స్వీటు ఎల్లాజీ ఎప్పుడూ తినేవాడు కాదు. జేబు రుమాల్లో చుట్టి తెచ్చి, కళ్లు కనపడని అసిరమ్మ ముసలి చేతిలో పెట్టేవాడు. “ఏ ఊళ్లో సచ్చిపోయొచ్చేవురా?” అని అడుగుతూ ఆవిడ చప్పరించేది.

ఇన్ని సినిమాల్లో చచ్చిన మనిషిని పాలెంలో అందరూ నవ్వుతూనే పలకరించేవారు, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్కడు సొంత తమ్ముడు గంగులు. మూడిళ్ల అవతల ఉంటాడు. పదకొండేళ్లుగా అన్నతో ఒక్క మాట లేదు.

కారణం పాలెంలో అందరికీ తెలుసు. హుద్‌హుద్ తుపాను వచ్చిన ఏడు, ఎల్లాజీ హైదరాబాదులో ఉన్నాడు. తుపాను మా పాకల కప్పులన్నీ ఎత్తుకుపోయిన మర్నాడు వాళ్ల అమ్మకు జ్వరం తగిలింది. రోడ్డు మీద చెట్లు కూలిపోయి ఆటో కూడా వచ్చే దారి లేదు. టవర్లు పడిపోయి ఫోన్లు లేవు. మూడు రోజులు గంగులు ఇంట్లో మంచాన ఉండి ముసలావిడ వెళ్లిపోయింది. ఎల్లాజీ కాటి పని అయిపోయాక, చిన్నదినం నాటికి వచ్చాడు. వచ్చినవాణ్ణి గంగులు ఒక్కటే అడిగాడు.

“టీవీలో తుపాను సూడలేదేటి?”

“సూసేన్రా.”

“రైళ్లు మల్లా తిరిగేయి గదా. ఆ పైన రెండ్రోజులు అక్కడేటి సేసేవు?”

“సీను సగంలో ఉండిపోనాది తమ్మూ. నడిమిట్లో పీనుగు మారిపోతే ఒప్పుకోరు.”

ఆ మాట అన్నది ఎల్లాజీ ఉన్నది ఉన్నట్టు చెప్పే స్వభావం కొద్దీ. గంగులు చేతిలో ఉన్న చెంబు కింద పెట్టి లోపలికి వెళ్లిపోయాడు. అంతే. ఆ తరువాత పెళ్లిళ్లలో, జాతరల్లో ఎదురుపడినా, ఒకే పడవకు తాడు పట్టినా, మాట లేదు.

అమ్మ నిద్రలోనే పోయిందని, ఎవరి పేరూ ఎత్తలేదని, గంగులు అప్పుడే పాలెమంతటికీ చెప్పాడు. మేమూ అదే నమ్మాం.

మొన్న వేసవిలో, వేట నిషేధం రోజుల్లో పడవలన్నీ ఒడ్డున బోర్లించి ఉన్నాయి. గరివిడికి అవతల ఒక ఊళ్లో షూటింగుకు జనం కావాలని గిరిబాబు వచ్చాడు. మా పక్క ఊరివాడే; సినిమాలకు మనుషులను కుదిర్చి పంపడమే అతని పని. పాలెం నుంచి దేముడమ్మతో సహా అరవై మందిమి రెండు వ్యాన్లు ఎక్కాం. గంగులును అతని భార్య ఈశ్వరి బలవంతంగా ఎక్కించింది. “ఇంటికాడ కూకుని ఎదురుగా సున్నం గోడ సూడ్డం కన్నా నయం కాదేటి!” అంది. ఎల్లాజీ అంతకు ముందురోజే వెళ్లాడు. ఏ షూటింగుకో ఎవరికీ చెప్పలేదు.

అక్కడ పాత పెద్ద లోగిలి ముందు పాడె కట్టి ఉంది. పాడె మీద ఎల్లాజీ. పట్టుపంచె, మెళ్లో బంతిపూల దండ, ముక్కులో దూది. కథలో అతను నరసింగరావు అనే ఊరిపెద్ద. గంగులు చూసి గిర్రున వెనక్కి తిరిగాడు. వ్యాన్లు అప్పటికే వెళ్లిపోయాయి. మే నెల ఎండ. చెట్టు లేని చోట జనం చివర తల దించుకుని నిలబడ్డాడు.

ఆ యూనిట్టులో డైరెక్టరు కింద పనిచేసే అరుణశ్రీ అనే అమ్మాయి ఉంది. ఆమదాలవలస పిల్ల. షాటుకూ షాటుకూ మధ్య తన గొడుగు ఎల్లాజీ మొహం మీద పట్టేది. గోనెసంచి తడిపి అతని కాళ్ల కింద పరిచేది. “తాతా, కాలుతన్నాదా?” అని అడిగితే, “పీనుగుకేటి కాల్తాదమ్మా, ఇంకా ముట్టించలేదు గదా” అని పెదవులు కదపకుండా అన్నాడు. దగ్గరున్న ఆడవాళ్లు నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నారు. అప్పటిదాకా అంతా సరదాగానే ఉంది.

పాడె ఎత్తారు. డప్పులు మోగాయి. ఊరి చివర నాలుగు దారులు కలిసే చోటికి వచ్చేసరికి మోసేవాళ్లు అలవాటు కొద్దీ తామంతట తాము ఆగి, పాడె కింద పెట్టేశారు. డైరెక్టరుగారు మా వైపువాడు కాడు, పట్నంలో పుట్టి పెరిగినవాడు.

“ఎందుకు దింపారు?” అని కేకేశాడు.

“దింపుడు కళ్లమండి” అన్నాడు గిరిబాబు. “కాటికి తీసుకెళ్లేటప్పుడు సగం దారిలో ఒగసారి దింపుతాం. ఎక్కడైనా పేనం ఉండిపోనాదేమో అని ఆశండి. రగతం పంచుకున్నోడు సెవి కాడ కూకుని పేరెట్టి మూడుసార్లు పిలుస్తాడు. పలికితే ఇంటికి తెచ్చేస్తాం. పలక్కపోతే ఇంకంతే.”

డైరెక్టరుగారి కళ్లు మెరిశాయి. అది అప్పటికప్పుడు సీనులో పెట్టేశాడు. పిలవడానికి మనిషి కావాలి, బాగా పిలిచేవాడు కావాలి అన్నాడు. గిరిబాబు ఎండలో పొద్దుటి నుంచీ పరిగెత్తుతున్నాడు. ఆ తొందరలో వీళ్లు అన్నదమ్ములన్న ఆలోచనే లేకుండా జనంలోకి చూసి గంగులు చెయ్యి పట్టుకుని ముందుకు లాగాడు.

“వీడైతే అదిరిపోద్దండి. తల్లికి ఇలాగే పిలిసినోడు.”

మా పాలెం వాళ్లం గతుక్కుమన్నాం. బతికున్న మనిషిని దింపుడు కళ్లం దగ్గర పిలవడమే తప్పు. అందులోనూ తోడబుట్టినవాడా! నా పక్కనున్న మా పాలెం పిల్ల కుసుమకుమారి నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. “సెప్పన్నా, ఆపమని సెప్పు” అంది. నేను నోరు తెరిచేలోపే కెమెరా మొదలయింది. అవతల అంతమంది పెద్దవాళ్లుంటే మనమేం చెబుతాం అనుకున్నాను. ఆ ఒక్క క్షణం నేను మాట్లాడి ఉండవలసింది. రాముడికి దీపం పెట్టిన ప్రతిపూటా అదే గుర్తొస్తోంది.

గంగులు కాళ్లు మడిచి అన్న తల దగ్గర కూర్చున్నాడు. చెవి దాకా వంగాడు. పై నుంచి మైకు కర్ర దించారు.

“నరసింగరావు బాబూ” అన్నాడు. గొంతు బొంగురుగా, పైపైన వచ్చింది.

“ఇంకా గట్టిగా!” అన్నాడు డైరెక్టరుగారు.

“నరసింగరావు బాబూ!”

మూడోసారి పిలవబోయి ఆగిపోయాడు. అతని చెయ్యి పాడె వెదురును పట్టుకుంది. తరువాత ఆ నాలుగు దారుల్లోనూ వినపడేలా అరిచాడు.

“అన్నా! ఎల్లన్నా! అమ్మ పిలుస్తంటే పలకవేట్రా! మూడ్రోజులు పిలిసిందిరా! ఎల్లన్న వొచ్చేడా, ఎల్లన్న వొచ్చేడా అనీసి తలుపు వేపే సూసిందిరా! ఒగసారి పలకరా అన్నా!”

డప్పులవాళ్ల చేతులు ఆగిపోయాయి. ఏడవమని కూలికి తెచ్చిన ఆడవాళ్లు ఏడుపు మరిచిపోయారు. పదకొండేళ్లలో గంగులు అన్నతో ఆడిన మొదటి మాట అది. అదీ ఇలాంటి మాట! నిద్రలో పోయిందన్న తల్లి నిద్రపోలేదన్నమాట.

ఎల్లాజీ కదల్లేదు.

రెప్ప కదల్లేదు. పొట్ట కదల్లేదు. పద్దెనిమిదేళ్లలో ఒక్క షాటు పాడుచేయని మనిషి. తమ్ముడు చెవిలో అలా అరుస్తుంటే చచ్చినట్టే పడుకున్నాడు. అంతవరకూ పాడె వైపు చూడకుండా నిలబడ్డ దేముడమ్మ నోట్లో కొంగు కుక్కుకుని అలాగే కిందకు కూర్చుండిపోయింది.

“కట్! అద్భుతం!” అని డైరెక్టరుగారు చప్పట్లు కొట్టాడు. యూనిట్టు వాళ్లు కొట్టారు. మా పాలెం వాళ్లం ఎవరమూ కొట్టలేదు. పేరు తప్పు చెప్పాడు, దాన్ని డబ్బింగులో మార్చేద్దాం, మొహం మాత్రం ఉంచేద్దాం అని ఆయన ఎవరితోనో అంటున్నాడు. పాపం ఆయనకు ఏం తెలుసు?

గంగులు లేచాడు. అన్న మొహం చూశాడు. మూడుసార్లు పిలిచాడు, పలకలేదు. అతని కళ్లలో నేను చూసింది కోపం కాదు, భయం. చిన్నపిల్లవాడు చేతిలోంచి ఏదో జారవిడిచి పగలగొట్టినట్టు రెండు చేతులూ చూసుకున్నాడు. భోజనం పొట్లం తీసుకోలేదు, కూలికి సంతకం పెట్టలేదు. బస్సుల రోడ్డు వైపు నడుచుకుంటూ వెళ్లిపోయాడు.

అరుణశ్రీ వచ్చి ఎల్లాజీ ముక్కులోంచి దూది తీసింది. కళ్లు తెరిచాడు గాని లేవలేదు. ఆ అమ్మాయికి విషయం ఏదో అర్థమైంది. గొడుగు అతని మీదికి వంచి, మజ్జిగ గ్లాసు చేతికిచ్చి, తలకింద తన చున్నీ మడిచి పెట్టింది. ఫొటో తీసే అబ్బాయి ఫోను పట్టుకుని వచ్చాడు.

“తాతా, నవ్వండి.”

ఎల్లాజీ నవ్వుదామని పెదవులు కదిపాడు. రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. రాలేదు. “ఒద్దు, ఒగ్గెయ్యండి” అంది అరుణశ్రీ. నవ్వు ఫొటో లేకుండా వేషం తీసిన మొదటి రోజు అది.

మర్నాడు పొద్దున్న నేను ఒడ్డుకు వెళ్లేసరికి ఇసక ఖాళీగా ఉంది. ఎల్లాజీ బోర్లించిన పడవ పక్కన కూర్చుని ఉన్నాడు. రెండో రోజూ అంతే. దేముడమ్మ మాత్రం అతను మధ్యాహ్నం కునుకు తీస్తే చాలు, ముక్కు దగ్గర చెయ్యి పెట్టి చూసేది. “ఊపిరున్నాదే, ఎళ్లి కూర సూడు” అని అతను కళ్లు మూసుకునే అనేవాడు. పాలెంలో మాటలు బయలుదేరాయి. దింపుడు కళ్లం పిలుపు ఊరికే పోదని ఒకరు, ఆ నాలుగు దారుల్లో మళ్లీ పడుకోబెట్టి పిలవాలని ఒకరు.

గంగులు అసలు గుమ్మం దాటలేదు. దేముడమ్మ వెళ్లి బతిమాలింది. “నీ అన్నకేటీ అవలేదు మరిదీ, గట్టిగానే ఉన్నాడు, ఒగసారి వొచ్చి సూడు” అంది. ఈశ్వరి బయటికొచ్చి వదిన చెయ్యి పట్టుకుని గోడవారకు తీసుకెళ్లింది. నేను అప్పుడు వాళ్ల నీళ్ల బిందె దించుతున్నాను. ఈశ్వరి చెప్పింది విని నా చేతిలో బిందె అలాగే ఉండిపోయింది.

“అత్త మూడ్రోజులూ బావ పేరే అంది. ఈయనేమో నా సేత ఒట్టేయించుకున్నాడు. ‘ఎవుడికీ సెప్పకు. అది తెలిస్తే అన్న బతకడు. నాను మాటాడకపోతే మాటాడకపోయేను, ఆ మాట మటుకు ఆడి సెవిన పడకూడదు’ అన్నాడు. ఆరోజు నోరు జారిపోనాడు వదినా. ఇప్పుడు ‘నానే సంపీసేను, నానే సంపీసేను’ అనీసి అన్నం ముట్టడం లేదు.”

పదకొండేళ్లు! మేమంతా గంగులును పంతగాడు అనుకున్నాం. గుండె రాయి అనుకున్నాం. నేనూ ఎన్నోసార్లు భజన దగ్గర అతనికి వినపడేలా, తోడబుట్టినవాడి మీద కోపం ఉన్నవాడి పూజ దేవుడు తీసుకోడని అన్నాను. ఎదురుగా మాట్లాడని మనిషి, అన్న నెత్తి మీద పడే బండను తన నెత్తి మీద మోస్తున్నాడని ఎవరు అనుకున్నారు?

దేముడమ్మ ఇంటికి వెళ్లి భర్తకు ఆ మాట చెప్పింది. “సెప్పలేదేటి ఆడు, ఇన్నేళ్లూ?” అని ఎల్లాజీ ఒక్కసారి అడిగాడు. మళ్లీ అదే అడిగాడు. ఆ తరువాత నన్ను పిలిచాడు. “నాకు ఒక్కడికీ కాళ్లు రావడం లేదు, వొస్తావేటి?” అన్నాడు.

గంగులు పెరట్లో వల బాగుచేస్తున్నాడు. చేతులకు ఏదో పని ఉండాలి కదా, మూడు రోజుల తరువాత ఈశ్వరే వలను అతని ఒళ్లో పడేసిందట. మమ్మల్ని చూసి లేవబోయాడు. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను. ఎల్లాజీ వెళ్లి ఎదురుగా నేల మీద కూర్చుని, వల రెండో కొసను తన బొటనవేలికి తగిలించుకున్నాడు. వల బిగిసింది. గంగులు లేవలేకపోయాడు.

“పలకలేదనుకోకు” అన్నాడు ఎల్లాజీ. “ఇన్నాను. నువ్వన్న ప్రతి మాటా ఇన్నాను. నెగిసిపోదామనుకున్నాను. ఒళ్లు లెగలేదురా. పద్దెనిమిదేళ్లు సచ్చి సచ్చి, బతకాల్సినప్పుడు ఎలగ బతకాలో తెలవలేదు.”

గంగులు తల ఎత్తలేదు. వల అల్లే కర్ర అతని వేళ్లలో ఆగిపోయి ఉంది.

“అమ్మ పిలిసినప్పుడు రాలేదు. పిలవాల్సినప్పుడు నాను లేను. ఆ పిలుపూ నువ్వే పిలిసేవు, నా వొంతు కూడాను. నువ్వు నాతోటి మాటాడకురా. నాను అడగను. ఒక్క సాయం సెయ్యి.”

ఎల్లాజీ వల కొసను బొటనవేలికి ఇంకో చుట్టు చుట్టుకున్నాడు.

“తుపానుకి రోడ్డు మూసుకుపోనాదని, అమ్మని మీరు నలుగురే సరుగుడు తోటలోంచి తీసుకెళ్లేరంట. దింపుడు కళ్లానికి తోటలోనే దింపేరంట. మోసినోళ్లలో ఇద్దరు పోనారు, ఒకడు వలసెళ్లిపోనాడు. నీకొక్కడికే ఆ సోటు తెలుసు. ఇన్నేళ్లూ ఆ తోటలో తిరగతానే ఉన్నాను. ఏ సెట్టు కాడో తెల్దు, ఏ పక్కకి తిరిగి దణ్ణమెట్టాలో తెల్దు. నువ్వు ముందు నడు. నాను ఎనకాల వస్తాను. ఆ సోటు కాడికి రాగానే ఒగసారి ఆగు తమ్మూ. అంతే సాలు.”